ఏడు వారాల చీకటి, తొమ్మిది వారాల పగలు: ట్రోమ్సోలో నిద్ర చెడకుండా ఏడాది గడపడం ఎలా

నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సోకి చదువుకో ఉద్యోగానికో వచ్చే మనవాళ్లు ఆగస్టులో నన్ను అడిగేది చలి గురించి. ఎన్ని స్వెట్టర్లు తెచ్చుకోవాలి, ఇండియాలో కొన్న జాకెట్ పనికొస్తుందా అని. అదే మనుషులు నవంబరు చివర్లో మళ్లీ ఫోన్ చేస్తారు. అప్పుడు చలి ఊసే ఉండదు. "అన్నా, మధ్యాహ్నం రెండింటికే కళ్లు మూతలు పడుతున్నాయి, రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, ఏం చెయ్యాలి?" అంటారు. జూన్‌లో మూడోసారి ఫోన్. ఈసారి అసలు నిద్రే రావడం లేదని.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పేదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. నాకు ఇక్కడ ఇది ఆరో ఏడు. మొదటి రెండేళ్లు అన్ని తప్పులూ చేశాను.

పద్ధతి రెండు కాలాలకీ ఒకటే. పొద్దున కంట్లో వెలుతురు పడాలి, రాత్రి గది చీకటిగా ఉండాలి. మన ఊళ్లో ఈ రెండూ సూర్యుడే చూసుకుంటాడు. ఇక్కడ మనం ఏర్పాటు చేసుకోవాలి.

1. ముందు మీ ఊరి లెక్క రాసుకోండి

ట్రోమ్సో సుమారు 69.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడి తేదీలు సుమారుగా ఇవి:

- నవంబరు 27 నుంచి జనవరి 15 వరకు సూర్యుడు క్షితిజం పైకి రాడు. దీన్ని ఇక్కడ మోర్కెతీద్ అంటారు, అంటే చీకటి కాలం.
- చుట్టూ కొండలు అడ్డం కాబట్టి ఊళ్లోవాళ్లకు సూర్యుడు కనిపించేది జనవరి 21 ప్రాంతంలో.
- మే 20 నుంచి జూలై 22 వరకు సూర్యుడు అస్తమించడు.
- ఈ రెంటి మధ్య పగటి పొడవు రోజుకు దాదాపు పది నిమిషాల చొప్పున మారిపోతూ ఉంటుంది.

ఆఖరి లైను చాలామంది పట్టించుకోరు. వారానికి గంటకు పైగా తేడా అంటే, నిన్న మొన్న అలవాటు పడ్డ వెలుతురు ఈ వారం ఉండదు. అందుకే సర్దుబాటు ఒక్కసారితో అయిపోదు.

చీకటి కాలమంటే ఇరవై నాలుగు గంటలూ కటిక చీకటి అనుకోకండి. డిసెంబరు 21న కూడా సుమారు 09:30 నుంచి 14:00 దాకా పుస్తకం అక్షరాలు కనిపించేంత నీలి వెలుతురు ఉంటుంది, మబ్బు దట్టంగా లేకపోతే. ఆ నాలుగున్నర గంటలే ఆ నెలకి మీ ఆస్తి.

వేరే ఊరికి వెళ్తుంటే లెక్క మారుతుంది. ఫిన్లాండ్‌లోని రొవానియెమి ఆర్కిటిక్ వలయం పక్కనే ఉంది కాబట్టి అక్కడి చీకటి ఇంకాస్త తేలిక. స్వాల్‌బార్డ్‌లోని లాంగియర్‌బియెన్ 78 డిగ్రీల మీద ఉంది. అక్కడ అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు సూర్యుడు ఉండడు, డిసెంబరు మధ్యాహ్నం నీలి వెలుతురు కూడా దక్కదు. మన దేశ పరిశోధనా కేంద్రం హిమాద్రి ఉన్న నీ-ఓలెసుండ్ దానికీ పైన. అలాంటి చోటికి వెళ్లేవాళ్లు ఐదో అంశం పక్కన పెట్టి నాలుగో దాని మీదే ఆధారపడాలి.

2. సెప్టెంబరులోనే కొనాల్సినవి

నవంబరు దాకా ఆగితే అప్పటికే మీకు షాపుకి వెళ్లే ఓపిక ఉండదు. నేను వెటకారానికి అనడం లేదు, మొదటి ఏడు నేను సరిగ్గా అలాగే ఇరుక్కున్నాను.

- డేలైట్ ల్యాంప్, అంటే పగటి వెలుతురుకి బదులుగా వాడే దీపం, 10,000 లక్స్‌ది (లక్స్ అంటే వెలుతురు కొలత)
- మెల్లగా వెలుగు పెంచుతూ లేపే అలారం దీపం (ఉంటే మంచిది, తప్పనిసరి కాదు)
- 24 గంటల లెక్కలో చూపించే గడియారం
- విటమిన్ డి
- రెఫ్లెక్స్, అంటే కారు లైటు పడితే మెరిసే పట్టీలు, కనీసం నాలుగు
- బ్రొడ్డర్, అంటే మంచు మీద జారకుండా బూటు కింద తగిలించే ముళ్ల పట్టీ
- తలకు కట్టుకునే టార్చి
- ఇంట్లో పసుపు రంగు వెలుతురు ఇచ్చే చిన్న దీపాలు రెండు మూడు

గడియారం గురించి నవ్వకండి. మొదటి డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాను. లేచి చూస్తే గోడ గడియారంలో ఆరు. కిటికీ బయట చీకటి. స్నానం చేసి, ఉప్మా చేసుకుని, బ్యాగు భుజాన వేసుకుని బస్టాపుకి వెళ్లి నిలబడ్డాను. పక్కింటి పెద్దావిడ స్కీయింగ్ ముగించుకుని వస్తూ "ఈ సాయంత్రం ఎక్కడికి?" అని అడిగేదాకా అది శనివారం సాయంత్రమని నాకు తెలియలేదు. ఇలా రాత్రీ పగలూ కలగాపులగం అయిపోయిన మనిషికి నార్వేజియన్‌లో ఒక మాటే ఉంది: దోగ్న్‌విల్. ఆ మర్నాడే 18:00 అని చూపించే గడియారం కొన్నాను.

3. లేచే టైమ్ ఒక్కటి బిగించండి

పడుకునే టైమ్ మన చేతిలో ఉండదు, నిద్ర రావాలి కదా. లేచే టైమ్ చేతిలో ఉంటుంది. కాబట్టి పట్టుకోవాల్సింది దాన్నే.

ఒక టైమ్ ఎంచుకోండి, 06:30 అనుకుందాం. వారమంతా అదే, శని ఆదివారాల్లో మహా అయితే ఒక గంట ఎక్కువ. రాత్రి నిద్ర పట్టకపోయినా 06:30కే లేవాలి. మొదటి మూడు నాలుగు రోజులు తిట్టుకుంటూ లేస్తారు. ఆ తర్వాత రాత్రి నిద్ర దానంతట అది ముందుకు జరుగుతుంది.

మధ్యాహ్నం కునుకు తీయాలనిపిస్తే 20 నిమిషాలకు అలారం పెట్టుకుని, 15:00 లోపు. పరుపు మీద పడుకోకండి, కుర్చీలోనే. పరుపెక్కితే ఏమవుతుందో పైన చెప్పాను.

టిఫిన్, భోజనం, రాత్రి తిండి కూడా గడియారం ప్రకారమే. చీకటి పడితే ఆకలేస్తుందని మన ఒంటికి ఒక అలవాటు. ఇక్కడ ఆ అలవాటు మాట వింటే మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, ఏడింటికి ఇంకోసారి రాత్రి భోజనం చేస్తారు.

4. డేలైట్ ల్యాంప్ వాడే పద్ధతి

డబ్బు పెట్టి కొని సరిగ్గా వాడనివాళ్లే ఎక్కువ. అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

మన కంటి లోపల చూపుతో సంబంధం లేకుండా, వెలుతురు ఎంత ఉందో మెదడుకు చెప్పే కణాలు కొన్ని ఉన్నాయి. పగలైందా లేదా అన్న కబురు మెదడులోని గడియారానికి అందించేవి అవే. ఇంట్లో మామూలు దీపాల వెలుతురు 100 నుంచి 300 లక్స్ ఉంటుంది. మన కళ్లకి గది వెలిగిపోతున్నట్టే ఉన్నా, ఆ కణాలకు అది సరిపోదు. మబ్బు పట్టిన పగటిపూట ఆరుబయట కూడా కొన్ని వేల లక్స్ ఉంటుంది. ఆ తేడాని ల్యాంప్ పూడుస్తుంది.

ఎలా వాడాలి:

1. లేచిన గంట లోపు వేయండి. ముఖం కడుక్కుని కాఫీ పెట్టుకుని దాని ముందు కూర్చోవడం సులువు.
2. దూరం చూడండి. పెట్టె మీద 10,000 లక్స్ అని పెద్దగా ఉంటుంది. ఎంత దూరంలో అన్నది లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్నింటికి 20 సెంటీమీటర్లే, అంటే దాదాపు జానెడు. టేబులుకి ఆ చివర పెడితే వచ్చేది చాలా తక్కువ.
3. ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి, కంటి ఎత్తుకి కాస్త పైన పెట్టండి. దీపంలోకి గుడ్లప్పగించి చూడక్కర్లేదు. కళ్లు తెరిచి టిఫిన్ తింటూనో పేపరు చదువుతూనో ఉంటే చాలు.
4. 30 నిమిషాలు. ల్యాంప్ 5,000 లక్స్‌దైతే దాదాపు గంట.
5. రోజూ. ఫలితం కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో తెలుస్తుంది.

అక్టోబరులో, ఉదయం లేచేసరికి బయట చీకటిగా ఉంటున్న వారం నుంచే మొదలుపెట్టండి. నీరసం ముదిరాక మొదలుపెట్టడం కంటే ఇదే తేలిక.

తరచుగా జరిగే పొరపాట్లు:

- సాయంత్రం నీరసంగా ఉందని అప్పుడు వేయడం. ఆ రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు.
- ఎర్రగా వేడినిచ్చే నొప్పుల దీపం కొనడం. అది వేరే పని చేసే దీపం.
- ల్యాంప్ ఉంది కదా అని విటమిన్ డి మానేయడం. ఈ దీపాల్లో అతినీలలోహిత కిరణాలు వడకట్టేసి ఉంటాయి. వీటితో విటమిన్ డి తయారవదు.

ఒక హెచ్చరిక. బైపోలార్ సమస్య ఉన్నవాళ్లు, రెటీనా జబ్బు ఉన్నవాళ్లు, వెలుతురు పడితే చర్మం మండే మందులు వాడుతున్నవాళ్లు డాక్టరుని అడగకుండా ల్యాంప్ వాడకూడదు.

5. మధ్యాహ్నం ఆ నీలి వెలుతురు వదులుకోకండి

ఆఫీసులో ఉన్నా, యూనివర్సిటీలో ఉన్నా 11:00 నుంచి 13:00 మధ్య కనీసం అరగంట బయట తిరగండి. భోజనం ముందే ముగించుకోండి, లేదా తర్వాత తినండి. క్యాలెండరులో మీటింగులాగా రాసిపెట్టుకోవాలి, లేకపోతే ఎవరో ఒకరు ఆ టైమ్ లాగేసుకుంటారు.

ఇక్కడివాళ్లని గమనించండి. మంచు కురుస్తున్నా చంటిపిల్లల్ని బండిలో పెట్టుకుని ప్రెస్ట్‌వన్నెట్ చెరువు చుట్టూ తిరుగుతుంటారు. సాయంత్రాలు దీపస్తంభాలున్న స్కీ బాటల మీద ఉంటారు. వాటిని లీస్‌లోయ్పె అంటారు. స్కీయింగ్ రాకపోతే బాట పక్కగా నడవొచ్చు. మధ్యలో నడిచి స్కీ గీతలు చెడగొడితే మాత్రం, అంత మర్యాదస్తులకీ కోపం వస్తుంది.

ఇంట్లో ఉంటే టేబులు దక్షిణం కిటికీ పక్కకి జరుపుకోండి. డిసెంబరులో ఆకాశం ఎర్రబడేది అటువైపే.

6. విటమిన్ డి: ఎంత, ఏది

ఇంత ఉత్తరాన అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండ నుంచి చర్మం విటమిన్ డి తయారు చేసుకోలేదు. మనలాంటి చామనఛాయ, నలుపు రంగు చర్మానికి మిగతా నెలల్లో కూడా ఎక్కువ ఎండ కావాలి. పైగా ఇక్కడ వేసవిలోనూ పొడుగు చేతులే వేసుకుంటాం.

నార్వేలో పెద్దలకు మామూలుగా చెప్పే మోతాదు రోజుకు 10 మైక్రోగ్రాములు. ఇక్కడివాళ్లు త్రాన్, అంటే కాడ్ చేప కాలేయపు నూనె, పొద్దున్నే ఒక చెంచా తాగుతారు. 5 మిల్లీలీటర్లలో ఆ 10 మైక్రోగ్రాములు వచ్చేస్తాయి. వాసన భరించలేకపోతే మాత్రలున్నాయి. శాకాహారులు సీసా వెనక చదివి, లైకెన్ అనే నాచులాంటి దాని నుంచి తీసిన డి3 గానీ డి2 గానీ తీసుకోండి.

మనవాళ్లు చేసే ఒక తప్పు గురించి గట్టిగా చెప్పాలి. ఇండియా నుంచి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు తెచ్చుకుని, వారానికొకటి చొప్పున శీతాకాలమంతా వేసుకుంటారు. 10 మైక్రోగ్రాములంటే 400 యూనిట్లు. 60,000 యూనిట్లంటే 1,500 మైక్రోగ్రాములు. అది రక్తపరీక్షలో లోపం తేలాక డాక్టరు కొన్ని వారాలకు రాసే మోతాదు. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు. ఫాస్ట్‌లేగె, అంటే మీ పేరున కేటాయించిన ఫ్యామిలీ డాక్టరు, రక్తపరీక్ష రాసిస్తారు. అది చూశాకే మోతాదు పెంచండి.

పసిపిల్లల చుక్కల సంగతి హెల్సెస్తాషోన్‌లో, అంటే పిల్లల ఆరోగ్య కేంద్రంలో, నర్సు చెబుతుంది. ఆవిడ చెప్పినంతే వేయండి.

7. చీకట్లో రోడ్డు మీద

నల్ల జాకెట్ వేసుకున్న మనిషి, డిమ్ లైట్లు వేసిన కారు డ్రైవరుకి 25, 30 మీటర్ల దూరంలోనే కనిపిస్తాడు. రెఫ్లెక్స్ కట్టుకుంటే 140 మీటర్ల నుంచే కనిపిస్తాడు. మంచు మీద కారు ఆగడానికి పట్టే దూరం తలుచుకుంటే ఆ తేడా ఏమిటో తెలుస్తుంది.

- పట్టీ మోకాలి కింద, రెండు కాళ్లకీ కట్టండి. డిమ్ లైటు పడేది కిందికే.
- బ్యాగు మీద ఒక్కటే తగిలిస్తే ఎదురొచ్చే కారుకి కనిపించదు.
- బ్రొడ్డర్ షాపులోకి వెళ్లేముందు తీసేయండి. నున్నటి టైల్స్ మీద అవే జారిస్తాయి.
- సముద్రం పక్క ఊరు కాబట్టి మంచు కరిగి మళ్లీ గడ్డకడుతూ ఉంటుంది. తడిగా మెరుస్తున్న రోడ్డే ప్రమాదం.

ఇంట్లో కొవ్వొత్తులు, దీపారాధన ఎక్కువయ్యే నెలలు కూడా ఇవే. డిసెంబరు 1న దేశమంతా పొగ అలారం పరీక్షించుకునే రోజు. మీరూ బటన్ నొక్కి చూడండి. అగరుబత్తి పొగకి మోగుతోందని బ్యాటరీ తీసి పక్కన పెట్టిన ఇళ్లు నాకు తెలుసు.

8. సూర్యుడు తిరిగొచ్చాక

మోర్కెతీద్ లెక్క ప్రకారం ముగిసే జనవరి 15, మన సంక్రాంతి దాదాపు ఒకే రోజు పడతాయి. ఉత్తరాయణం మాట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా, దాన్ని కంటితో చూసింది నేను ఇక్కడే. 21 ప్రాంతంలో ఊరంతా సూల్‌బొల్లెర్ అనే జామ్ బన్నులు తింటుంది. మేం ఆ రోజుకి అరిసెలు రెండు దాచి ఉంచుతాం.

ఆ సంబరంలో జరిగే తప్పు ఏమిటంటే, ల్యాంప్ అటకెక్కించడం. ఫిబ్రవరిలో సూర్యుడు ఉన్నా మీరు లేచే టైమ్‌కి ఇంకా చీకటే. ఉదయం 06:30కి ఇంట్లో సహజమైన వెలుతురు నిండేదాకా, అంటే దాదాపు మార్చి మధ్య వరకు, ల్యాంప్ కొనసాగించండి.

నల్లకళ్లద్దాలు తీయాల్సింది కూడా ఫిబ్రవరిలోనే. సూర్యుడు నేరుగా కళ్లలోకి కొడతాడు, కింద మంచు ఇంకొంత తిప్పికొడుతుంది.

9. ఏప్రిల్‌లో పడకగదికి చీకటి కట్టండి

ఏప్రిల్ చివరికే రాత్రి పూర్తిగా చీకటి పడడం ఆగిపోతుంది. మే 20 దాకా ఆగితే అప్పటికి రెండు మూడు వారాల నిద్ర పోయి ఉంటుంది.

మొదట దిక్కులు చూడండి. మన ఊళ్లో ఉత్తరం కిటికీకి ఎండ తగలదు. ఆ లెక్కతోనే నేను ఉత్తరం వైపు గదిని పడకగది చేసుకున్నాను. ఇక్కడ వేసవిలో అర్ధరాత్రి సూర్యుడు ఉండేది సరిగ్గా ఉత్తరాన. జూన్ 21న 00:45కి క్షితిజానికి మూడు డిగ్రీల పైన, కిటికీకి ఎదురుగా నిలబడి, గది గోడ మీద నారింజ రంగు చతురస్రం గీస్తాడు. 22:00కి వాయవ్యం, 04:00కి ఈశాన్యం. అంటే ఏ దిక్కు కిటికీ అయినా మూయాల్సిందే.

వరస ఇది:

1. కిటికీ చట్రం లోపల సరిగ్గా కూర్చునే, వెలుతురు చొరని రోలర్ తెర. కొలత మిల్లీమీటర్లలో తీసుకోండి. పక్కన వేలెడు సందు ఉంటే అక్కణ్ణుంచే కత్తిలాంటి గీత వచ్చి కంటి మీద పడుతుంది.
2. దాని మీద మందపాటి కర్టెన్, కిటికీ కంటే అన్ని వైపులా జానెడు ఎక్కువ ఉండేట్టు. రాడ్ పైన సందు ఉంటే ముదురు రంగు తువ్వాలు మడిచి పెట్టండి.
3. తలుపు కింద సందుకి పాత చీర చుట్ట.
4. ఇవి వేశాక మధ్యాహ్నం గదిలోకి వెళ్లి, తలుపు వేసి, ఐదు నిమిషాలు కూర్చోండి. చెయ్యి చాపితే వేళ్లు కనిపించకూడదు. కనిపిస్తే సందు ఎక్కడో వెతకండి.
5. చివర్లో కళ్లకి పట్టీ. ప్రయాణాల్లోనూ పనికొస్తుంది.

అద్దె గదిలో రోలర్ బిగించనివ్వకపోతే అట్టపెట్టెని కిటికీ కొలతకి కోసి, నల్లగుడ్డ చుట్టి, రాత్రి పెట్టి పొద్దున తీయండి. పొద్దున తీయడం ముఖ్యం. రోజంతా మూసి ఉంచితే జూన్‌లోనే ఇంట్లో డిసెంబరు తెచ్చుకున్నట్టు.

ఒకటి ఆలోచించండి. గది అంత చీకటి చేశాక లేవడం కష్టం. అలారం మోగగానే మొదటి పని తెర ఎత్తడం. రెండో అలారం అంటూ ఉండకూడదు.

10. జూన్ సాయంత్రాలు

చీకటి కాలంలో నీరసం కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్త పడతాం. వేసవిలో ఒంట్లో హుషారు పొంగుతుంది కాబట్టి జబ్బు అనిపించదు. 23:00కి కొండెక్కుదాం అంటారు, 01:00కి సముద్రం ఒడ్డున మాంసం కాలుస్తారు. ట్రోమ్సోలో జూన్‌లో రాత్రిపూట మారథాన్ కూడా ఉంది. వెళ్లండి, సంతోషంగా వెళ్లండి. కానీ వారానికి రెండు రాత్రులు అని లెక్క పెట్టుకోండి. మూడో వారానికల్లా మనిషి చిరాకుగా, దేనికో దానికి గొడవ పడేట్టు తయారవుతాడు. నా భార్యని అడిగితే నా పేరే చెబుతుంది.

మామూలు రోజుల్లో:

- 21:00కి హాల్లో కర్టెన్లు సగం మూసేయండి. 22:00కి పడకగదివి పూర్తిగా.
- సాయంత్రం బయటి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు నల్లకళ్లద్దాలు.
- కాఫీ 14:00 తర్వాత వద్దు. ఇక్కడివాళ్ల కాఫీ మన ఫిల్టర్ కాఫీలా పాలు కలిసినది కాదు, గిన్నెల కొద్దీ తాగేస్తాం.
- ఫోనులో రోజూ 21:30కి ఒక గుర్తు మోగనివ్వండి. ఆకాశం చెప్పదు, ఫోను చెప్పాలి.

11. పిల్లలు, పండగలు, ఇంటికి ఫోన్లు

పిల్లలకి "చీకటి పడింది, పడుకో" అనే మాట ఇక్కడ రెండు విధాలా పనికిరాదు. జూన్‌లో ఎప్పటికీ పడదు, డిసెంబరులో మధ్యాహ్నమే పడింది. దాని బదులు వరస అలవాటు చేయండి: స్నానం, పాలు, తెరలు దించడం, కథ, పడక. ఏడాది పొడుగునా అదే వరస, అదే టైమ్. తెర దించే పని పిల్లాడికే ఇస్తే గొడవ తగ్గుతుంది. కింద పక్కింటి పిల్లలు 22:30కి సైకిళ్లు తొక్కుతుంటారు. మా వాడు ప్రతి జూన్‌లో దానికి ఏడుస్తాడు. దానికి నా దగ్గర మందు లేదు.

పూజలు, ఉపవాసాలు గడియారం ప్రకారం పెట్టుకోండి. ఈ విషయంలో ఎవరి పద్ధతి వాళ్లది. కార్తీక సోమవారం చుక్కను చూసి తింటామనే వాళ్లకి ఇక్కడ గొప్ప వెసులుబాటు. నవంబరు చివర్లో ఆకాశం తేటగా ఉంటే మధ్యాహ్నం మూడున్నరకే చుక్కలు కనిపిస్తాయి. మా అమ్మ దాన్ని ఉపవాసంగా ఒప్పుకోదు. రంజాన్ ఉపవాసాలకు ఊళ్లోని మసీదువాళ్లు పాటించే వేళల్ని అడిగి తెలుసుకోండి.

ఇండియాతో తేడా శీతాకాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర. మార్చి, అక్టోబరు ఆఖరి ఆదివారాల్లో మారుతుంది. ఊళ్లో పెద్దవాళ్లు పొద్దున ఏడింటికి కాఫీ తాగుతూ ఫోన్ చేస్తే జూన్‌లో మనకి 03:30. చీకటి గదిలో అయితే మళ్లీ నిద్రపోతాం. ఫోను తీసుకుని హాల్లోకి వెళ్లామా, అక్కడ పట్టపగలు. ఇక అయిపోయింది.

"అక్కడ ఇంకా పొద్దు పోలేదా నాన్నా?"

"పోదమ్మా, జూలై దాకా పోదు."

"అయితే పడుకోలేదా?"

"పడుకున్నానమ్మా. నువ్వు లేపావు."

22:00 నుంచి 06:30 దాకా ఫోను మోగకుండా పెట్టి, ఇంట్లోవాళ్ల నంబర్లకి మాత్రం వరసగా రెండోసారి చేస్తే మోగే ఏర్పాటు చేయండి. వాళ్లకీ ఆ సంగతి చెప్పి ఉంచండి.

12. తప్పింది, ఇప్పుడేం చేయాలి?

*రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదు.* టైమ్ చూడకండి. ఇరవై నిమిషాలు దాటిందనిపిస్తే లేచి, పసుపు దీపం ఒక్కటే వేసుకుని కుర్చీలో కూర్చోండి. ఫోను వద్దు. నిద్ర వచ్చాక పరుపు మీదికి. లేచే టైమ్ మాత్రం మారదు.

*పడుకునేసరికి తెల్లవారుజామున నాలుగవుతోంది, లేచేసరికి పన్నెండు.* ఒక్కరోజులో 06:30కి లాగకండి. లేచే టైమ్ రెండు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకి జరపండి. లేవగానే ల్యాంప్, లేదా వేసవిలో అయితే బయట నడక. పడుకునే ముందు రెండు గంటలు ఇల్లంతా మసక వెలుతురు. దాదాపు మూడు వారాలు పడుతుంది.

*ల్యాంప్ వేస్తే తలనొప్పి.* 10 నిమిషాలతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి ఐదేసి నిమిషాలు పెంచండి. గదిలో మిగతా దీపాలు కూడా వేసి ఉంచితే కళ్లకి తేలిక.

*చీకటిలో తీపి, నూనె వస్తువుల మీదికి మనసు పోతోంది.* చాలామందికి ఇంతే. ఇంట్లో జంతికల డబ్బా అందే ఎత్తులో పెట్టకండి. అంతకు మించి దీనికి నేను సలహా చెప్పే అర్హత కోల్పోయాను.

*మెలటోనిన్ వేసుకోవచ్చా?* రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోను ఇది, మాత్రగా దొరుకుతుంది. దాని ప్రభావం ఏ టైమ్‌కి వేసుకున్నారన్న దాని మీద ఉంటుంది. తప్పు టైమ్‌కి వేసుకుంటే గడియారం వెనక్కి జరుగుతుంది. డాక్టరుతో మాట్లాడి వాడండి.

13. డాక్టరు దగ్గరికి ఎప్పుడు

నిద్ర చెడటం వేరు, మనసు కుంగడం వేరు. ఈ కిందివాటిలో కొన్ని రెండు వారాలకు పైగా ఉంటే ఫాస్ట్‌లేగె అపాయింట్‌మెంట్ తీసుకోండి:

- ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి లేకపోవడం
- పది గంటలు పడుకున్నా లేవలేకపోవడం
- క్లాసులు, ఆఫీసు వరసగా ఎగ్గొట్టడం
- ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తాలనిపించకపోవడం

వేసవిలో దీనికి తలకిందులు: మూడు గంటల నిద్రే చాలనిపించడం, ఆగకుండా మాట్లాడటం, చేతికొచ్చినట్టు డబ్బు ఖర్చు పెట్టడం. ఇది మీకు తెలియదు, పక్కవాళ్లకు తెలుస్తుంది. రూమ్మేట్‌కి ముందే చెప్పి ఉంచండి.

డాక్టరు ఆఫీసు మూసి ఉన్నప్పుడు 116 117. మనసులో భారం ఎవరితోనైనా చెప్పుకోవాలంటే 116 123. బతకాలని లేదనే ఆలోచన వస్తుంటే, లేదా ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఆలస్యం చేయకుండా 113. వీసాకి ఇబ్బంది అవుతుందేమో, ఊళ్లో తెలుస్తుందేమో అని టెన్షన్ పడి ఆగకండి. వైద్యుడు మీ సంగతి గోప్యంగా ఉంచాలన్నది ఇక్కడ చట్టం.

14. ఆగస్టులో చేయాల్సిన చివరి పని

ఆగస్టులో ఒక రాత్రి వీధి దీపం వెలుగుతుంది. మూడు నెలలుగా అది ఉందన్న సంగతే మరిచిపోయి ఉంటాం. ఆ వారాంతంలో ఇవి చేయండి:

- ల్యాంప్ కిందికి దించి, దుమ్ము తుడిచి, వెలుగుతోందో లేదో చూడండి
- త్రాన్ సీసా, మాత్రల మీద తేదీ చూడండి
- తల టార్చికి కొత్త బ్యాటరీలు
- బ్రొడ్డర్ రబ్బరు తెగిందేమో లాగి చూడండి
- రెఫ్లెక్స్ పట్టీలు ఒక్కో జాకెట్‌కీ ఇప్పుడే తగిలించేయండి. ఒకే పట్టీని ఇటూ అటూ మారుస్తుంటే, అవసరమైన రోజున అది ఇంకో జాకెట్ మీద ఉంటుంది